హైదరాబాద్ నుంచి డల్లాస్: ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

శంషాబాద్‌లో విమానం ఎక్కి డల్లాస్‌లో దిగడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే గూగుల్ ఒక అంకె చెబుతుంది, టికెట్ మీద ఇంకో అంకె ఉంటుంది, మొన్ననే వెళ్లొచ్చిన పక్కింటివాళ్లు మూడోది చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు లెక్క ఒక్కో చోట మొదలుపెడుతున్నారు, అంతే. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇందులోని విమాన సమయాలు మామూలుగా పట్టేవి. మీ టికెట్‌లో అటూ ఇటూ ఉండవచ్చు.

## దూరం, దారి

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి అసలు ఎన్ని కిలోమీటర్లు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూమి వంపు మీదుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లలో దాదాపు 8,960. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు కాబట్టి ఇది భూగోళం చుట్టూ మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ. ఇంత దూరం ఒక్క విమానంలో పోయే వీలు లేదు గనక, మధ్యలో దిగి వెళ్లే దారిలో నిజంగా ప్రయాణించేది 15,400 నుంచి 16,800 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

అమెరికా మనకి పడమర కదా, దగ్గరి దారి ఉత్తరానికి ఎందుకు పోతుంది?

గోడ మీద పటం చూసి దూరం అంచనా వేస్తే వచ్చే చిక్కు ఇది. ఇంట్లో 30 సెంటీమీటర్ల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం అట్లాంటిక్ మీదికి పోదు. జారి ఉత్తర ధ్రువం వైపు వెళ్లి ఆగుతుంది. కొలిస్తే 34 సెంటీమీటర్లు వస్తుంది. ఈ రెండు ఊళ్లు రేఖాంశాల్లో 175 డిగ్రీల ఎడంలో, అంటే గోళానికి ఇంచుమించు అటు ముఖం ఇటు ముఖంగా ఉన్నాయి. అందుకే దగ్గరి దారి పైనుంచే.

ఆ గీత హైదరాబాద్‌లో మొదలై దాదాపు ఢిల్లీ నెత్తి మీదుగా, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఆర్కిటిక్ సముద్రాన్ని దాటుతుంది. తర్వాత కెనడా గుండా కిందికి దిగి టెక్సాస్ చేరుతుంది. ప్రయాణికుల విమానం ఏదీ ఈ గీత పట్టుకుని పోవడం లేదు. కానీ మీరు ఎక్కిన విమానం ఎంత చుట్టు తిరుగుతోందో తెలియాలంటే కొలబద్ద ఇదే.

నేరుగా వెళ్లే విమానం ఉందా?

లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరు విమానం అసలు ఎప్పుడూ లేకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నడిపింది, ఎంతో కాలం సాగలేదు. డల్లాస్ దానికంటే ఇంకా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం.

సింగపూర్–న్యూయార్క్ నేరుగా పోతున్నప్పుడు మనకెందుకు కుదరదు?

సింగపూర్–న్యూయార్క్ సుమారు 15,300 కిలోమీటర్లు, మనకంటే ఎక్కువే. అయితే దానికి వాడేది ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్, అంటే 18,000 కిలోమీటర్లు పోగలిగేలా ప్రత్యేకంగా తయారైన విమానం. దూరప్రయాణాల్లో ఎక్కువగా కనిపించే బోయింగ్ 777-300 ఈఆర్ పరిధి తయారీదారు లెక్కలో సుమారు 13,650 కిలోమీటర్లు. డల్లాస్ దానికి అందదు. 777-200 ఎల్‌ఆర్ పరిధి దాదాపు 15,840, కాగితం మీద సరిపోతుంది. కానీ ఎదురుగాలి, అత్యవసరానికి ఉంచాల్సిన ఇంధనం, మూసి ఉన్న గగనతలాల చుట్టూ తిరిగే దూరం తీసేస్తే మిగిలేది తక్కువ. పైగా శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో వేడికి గాలి పలచబడి, విమానం నిండా బరువుతో లేవలేదు. అప్పుడు సీట్లో, సరుకో తగ్గించాలి. అవి తగ్గితే గిట్టుబాటు కాదు.

ఏ ఊరి మీదుగా పోతే దూరం తక్కువ?

రెండు విమానాల దూరం కలిపితే సుమారుగా ఇలా వస్తుంది:

- ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260 = 15,380 కి.మీ.
- లండన్ హీత్రో మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.
- దుబాయ్ మీదుగా: 2,550 + 12,920 = 15,470 కి.మీ.
- దోహా మీదుగా: 2,910 + 12,750 = 15,660 కి.మీ.
- హాంకాంగ్ మీదుగా: 3,750 + 13,050 = 16,800 కి.మీ.

హాంకాంగ్ పక్కన పెడితే మిగతా నాలుగింటి మధ్య తేడా 300 కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది 20 నిమిషాల పని. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. మధ్యలో ఎంతసేపు కూర్చోబెడతారు, ఎన్నిసార్లు దిగాలి అన్నవి చూడండి.

## గంటల లెక్క

మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?

వెళ్లేటప్పుడు విమానంలో కూర్చునే సమయం ఏ దారిలోనైనా 20 నుంచి 21 గంటలు. దోహా మీదుగా నాలుగు, నాలుగుంబావు గంటలు, ఆ తర్వాత 16 నుంచి 16న్నర. దుబాయ్‌ది కూడా అటూ ఇటూగా ఇంతే. లండన్ మీదుగా రెండూ పది, పదిన్నర గంటల చొప్పున. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తొమ్మిదిన్నర, పదకొండు.

దీనికి హాల్ట్ కలపాలి. రెండున్నర గంటల హాల్ట్ దొరికితే 23 గంటల్లో చేరతారు. అంతకంటే తొందరగా చేరడం అరుదు. చవక టికెట్లలో హాల్ట్ 8, 12, ఒక్కోసారి 18 గంటలు ఉంటుంది. "మాకు 36 గంటలు పట్టింది" అనేవాళ్లు విమానంలో మీకంటే ఎక్కువేమీ కూర్చోలేదు, ఎయిర్‌పోర్టులో కూర్చున్నారు.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క కావాలంటే ఇంకో ఎనిమిది గంటలు కలపండి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లు రోడ్డు మీద ఐదు గంటలు అదనం అనుకోవాలి.

శుక్రవారం పొద్దున ఎక్కితే శుక్రవారం సాయంత్రమే దిగుతాం అంటున్నారు, నిజమేనా?

నిజమే. ఒక ఉదాహరణ చూడండి, వేసవి సమయంలో:

శుక్రవారం తెల్లవారుజామున 3:30కి హైదరాబాద్‌లో బయల్దేరారు. 4 గంటల 15 నిమిషాలకు దోహా. అక్కడి గడియారంలో 5:15. ఉదయం 8:00కి డల్లాస్ విమానం. 16 గంటల 15 నిమిషాలు ప్రయాణం. దిగేసరికి డల్లాస్‌లో శుక్రవారం సాయంత్రం 4:15. మన గడియారంలో అప్పుడు శనివారం తెల్లవారుజామున 2:45. గడిచింది 23 గంటల 15 నిమిషాలు, క్యాలెండర్‌లో మాత్రం అదే రోజు. సూర్యుడితోపాటు పడమరకు పోతున్నారు కాబట్టి ఆ శుక్రవారం మీకు ముప్పై నాలుగున్నర గంటల రోజు అవుతుంది.

ఇండియాకి, డల్లాస్‌కి టైం తేడా పదిన్నరా, పదకొండున్నరా?

రెండూ. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా కాలం పదకొండున్నర. గడియారం జరుపుకునేది వాళ్లు, మనం కాదు.

నోటి లెక్కకు సులువు ఇది. డల్లాస్ టైంలో పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చి, చలికాలమైతే అరగంట, వేసవైతే గంటన్నర తీసేయండి. డల్లాస్‌లో రాత్రి 8 అంటే మనకు చలికాలంలో మర్నాడు పొద్దున 7:30, వేసవిలో 6:30. ఇటునుంచి అటు లెక్కేటప్పుడు తీసేసే బదులు కలపండి.

ఒకే దారిలో వెళ్లడానికి 16 గంటలు, రావడానికి 14న్నర. టికెట్‌లో తప్పు పడిందా?

తప్పేమీ లేదు, గాలి తేడా. విమానాలు తిరిగే 9–12 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకు ఉరుకుతుంటుంది. అమెరికా పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. చలికాలంలో దాని జోరు ఎక్కువ, కాబట్టి తేడా కూడా ఎక్కువే. సీటు ముందు తెరమీద "గ్రౌండ్ స్పీడ్", అంటే నేలను బట్టి గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతున్నారో గమనించండి. వెళ్లేటప్పుడు 820–850 దగ్గర తచ్చాడే అంకె వచ్చేటప్పుడు వెయ్యి దాటడం కనిపిస్తుంది. ఇంజన్లు రెండుసార్లూ ఒకే రకంగా పనిచేస్తున్నాయి.

టికెట్ మీద ఉన్న టైం అంతా గాల్లోనేనా?

కాదు. అది గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వేకి నడిచే సమయం, వరసలో నిలబడే సమయం అందులోనే ఉంటాయి. 16 గంటల 15 నిమిషాల విమానం గాల్లో ఉండేది పదిహేనున్నర, పదిహేనుముప్పావు గంటలే కావచ్చు. అరగంట ఆలస్యంగా లేచిన విమానం టైంకే దిగడం వెనక రహస్యం ఇదే.

## టికెట్ కొనే ముందు

అమ్మానాన్నలకు గల్ఫ్ మీదుగా మంచిదా, యూరప్ మీదుగానా?

గల్ఫ్ దారి 4 + 16, యూరప్ దారి 10 + 10. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు ఒకే సీటులో 16 గంటలు కష్టం. వాళ్లకు రెండు సమాన ముక్కలు మేలు. చక్కెర, బీపీ అదుపులో ఉండి, మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నవాళ్లకు మా ఓటు గల్ఫ్‌కే. డల్లాస్ విమానంలో కూడా తెలుగు, హిందీ వచ్చే తోటి ప్రయాణికులు దొరుకుతారు, ట్రాన్సిట్ వీసా (మధ్య దేశంలో విమానం మారడానికి అడిగే వీసా) గొడవ ఉండదు. వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే, లేదంటే కనీసం 48 గంటల ముందు అడగాలి.

శాకాహారులైతే భోజనం దగ్గర ఉత్త "వెజ్" అని వదిలేయకుండా "ఏషియన్ వెజిటేరియన్ మీల్" ఎంచుకోండి. "వీగన్" నొక్కితే పెరుగు కూడా రాదు.

హాల్ట్ ఎంత ఉంటే క్షేమం?

గంటంబావు హాల్ట్ ఉన్న టికెట్ కూడా అమ్ముతారు, అమ్మారు కదా అని కొనకండి. మొదటి విమానం 40 నిమిషాలు ఆలస్యమైతే రెండోది తప్పుతుంది. రెండున్నర నుంచి నాలుగు గంటలు హాయి. వీల్‌చెయిర్ తీసుకుంటే మూడుకు తగ్గొద్దు. హీత్రోలో ఒక టెర్మినల్‌లో దిగి ఇంకో టెర్మినల్‌లో ఎక్కాల్సి వస్తే బస్సు, మళ్లీ భద్రతా తనిఖీ ఉంటాయి; అక్కడా మూడు గంటలు పెట్టుకోండి.

రెండు టికెట్లు విడిగా కొంటే చవక వస్తోంది. కొనొచ్చా?

హైదరాబాద్–దుబాయ్ ఒకటి, దుబాయ్–డల్లాస్ ఇంకొకటి విడివిడి పీఎన్‌ఆర్‌ల మీద కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఎవరికీ బాధ్యత ఉండదు. కొత్త టికెట్ మీ జేబులోంచే. సామాను డల్లాస్ దాకా వేయకపోవచ్చు. అప్పుడు మధ్యలో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి పెట్టెలు తీసుకోవాలి, దానికి ఆ దేశపు వీసా కావాలి. ఒకే పీఎన్‌ఆర్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ విమాన సంస్థదే. మిగిలే డబ్బుకు ఆ తలనొప్పి తగదు.

యుద్ధాలు, గగనతలం మూసివేతల వల్ల మా ప్రయాణం ఎంత పెరుగుతుంది?

ఎవరి విమానం ఎక్కుతున్నారన్నదాన్ని బట్టి. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, యూరప్ సంస్థలకు మూసి ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరిగి, కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. 2025 జూన్‌లో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే దోహా మీదుగా పోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. బయల్దేరే ముందు రోజు, మళ్లీ ఆరు గంటల ముందు విమాన సంస్థ యాప్‌లో చూసుకోండి. టికెట్‌లో మీ సొంత ఫోన్ నంబరు ఉండాలి, ఏజెంటుది ఉంటే మెసేజ్ ఆయనకే పోతుంది.

డల్లాస్‌కి రెండు ఎయిర్‌పోర్టులు కనిపిస్తున్నాయి, ఏది?

డీఎఫ్‌డబ్ల్యూ అన్న కోడ్ మీది. డీఏఎల్ అంటే ఊళ్లో ఉన్న పాత లవ్ ఫీల్డ్, దేశీయ విమానాలకు. అమెరికాలో ఇంకో ఊళ్లో దిగి దేశీయ విమానంలో వచ్చేవాళ్లకే ఈ తికమక. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఊరి పేరు కాకుండా కోడ్ చెప్పండి.

## బయల్దేరే రోజు

టికెట్‌లో 12వ తేదీ 3:30 అని ఉంది. ఎప్పుడు బయల్దేరాలి?

11వ తేదీ రాత్రి. ఈ పేజీలో ఒక్క ముక్కే చదివేవాళ్లు ఇది చదవండి. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందని తెలిసి కూడా 12వ తేదీ రాత్రి పెట్టెలతో శంషాబాద్ వచ్చి, విమానం ఆ రోజు తెల్లవారుజామునే పోయిందని తెలుసుకునేవాళ్లు ఉంటూనే ఉన్నారు. 11వ తేదీ రాత్రి 11:30–12:00 మధ్య ఎయిర్‌పోర్టులో ఉండాలి. చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా విమానానికి గంట ముందు మూసేస్తారు.

ఆవకాయ చేతిసంచిలో పెట్టుకోవచ్చా?

వద్దు. పచ్చడి, నెయ్యి, తేనె అన్నీ ద్రవాల లెక్కే. శంషాబాద్‌లో ఎలాగో దాటినా మధ్య ఊళ్లో మళ్లీ తనిఖీ ఉంటుంది. చెక్-ఇన్ పెట్టెలో, మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లలో వేయండి. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు.

## గాల్లో

రోజూ పొద్దున 8కి వేసుకునే మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

మన 8 గంటలు అంటే డల్లాస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 9:30, చలికాలంలో 8:30. దారిలో ఫోన్ గడియారం తనంతట తాను మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఒక చేతిగడియారాన్ని ఇండియా టైంలోనే ఉంచుకుని, ప్రయాణం పూర్తయ్యేదాకా దాని ప్రకారం వేసుకోవడం తికమక లేని పద్ధతి. కొత్త టైంకి ఎలా జరుపుకోవాలో, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు, బయల్దేరక ముందే డాక్టరుతో రాయించుకోవాలి. మందులు, చీటీ చేతిసంచిలోనే.

16 గంటలు కూర్చుంటే కాళ్లు వాస్తాయా?

చాలామందికి వాస్తాయి, చెప్పులు బిగుసుకుంటాయి. గంటన్నరకోసారి లేచి వెనక వంటగది దాకా నడవండి. నడవ పక్క సీటు తీసుకుంటే ఎవర్నీ లేపక్కర్లేదు. ఒక కాలే వాచి నొప్పి పుడితే అది మామూలు వాపు కాకపోవచ్చు. రక్తం గడ్డకట్టిన గుర్తు అయ్యుండవచ్చు, వెంటనే సిబ్బందికి చెప్పాలి.

## డల్లాస్‌లో దిగాక

విమానం దిగాక బయటికి రావడానికి ఎంతసేపు?

గంట నుంచి రెండున్నర గంటలు. మూడు పెద్ద విమానాలు ఒకేసారి దిగితే ఇమిగ్రేషన్ వరస అక్కడికక్కడే పెరుగుతుంది. విదేశీ విమానాలు ఎక్కువగా టెర్మినల్ డీకి వస్తాయి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు విమానం దిగే టైంకే రానక్కర్లేదు. పెట్టెలు చేతికొచ్చాక ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఇర్వింగ్ వాళ్లు ఇంట్లోంచే బయల్దేరినా సరిపోతుంది, దూరంగా ఉన్న ఫ్రిస్కో వాళ్లు కాస్త ముందు కదలాలి. ఎయిర్‌పోర్టు మధ్యలోంచి పోయే ఇంటర్నేషనల్ పార్క్‌వే టోల్ రోడ్డు. అడ్డదారి అనుకుని అందులోంచి దూరిపోతే ఆగకపోయినా డబ్బు పడుతుంది.

డల్లాస్ నుంచి ఆస్టిన్‌కి ఇంకో విమానం ఉంది. రెండు గంటలు చాలా?

చాలవు, మూడు పెట్టుకోండి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్. సామానుకు ఆస్టిన్ ట్యాగ్ వేసినా మామూలుగా మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. తర్వాత ఇంకోసారి భద్రతా తనిఖీ. అక్కడినుంచి స్కైలింక్ అనే చిన్న రైలు టెర్మినళ్లన్నీ కలుపుతుంది, ఉచితం. అది రెండు నిమిషాలకోటి వస్తుంది కాబట్టి ఆలస్యం దాని వల్ల కాదు.

## తిరిగి వచ్చేటప్పుడు

వచ్చేటప్పుడు రెండు రోజులు ఎందుకు పోతున్నాయి?

వేసవిలో శుక్రవారం రాత్రి 7:00కి డల్లాస్‌లో ఎక్కారనుకోండి. 14న్నర గంటల తర్వాత దోహాలో శనివారం సాయంత్రం 5:30. మూడు గంటలు ఆగి, నాలుగు గంటల విమానంతో హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 3:00. నిజంగా గడిచింది 21న్నర గంటలే, పదిన్నర గంటలు గడియారం మింగేసింది. సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లు శనివారం బయల్దేరితే సోమవారం తెల్లవారుజామున దిగి నేరుగా డెస్కు దగ్గరికి పోవాల్సిందే.

నా అమెరికా వీసా స్టాంప్ గడువు తీరింది. లండన్ మీదుగా ఇంటికి రావచ్చా?

స్టేటస్ (అమెరికాలో ఉండే అనుమతి) చెల్లుబాటులో ఉండి పాస్‌పోర్టులో స్టాంప్ తీరిపోయిన విద్యార్థులు, ఉద్యోగులు డల్లాస్ కౌంటర్‌లో ఆగిపోయేది ఇక్కడే. యూరప్, బ్రిటన్ ట్రాన్సిట్ మినహాయింపులు ఎక్కువగా చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసానో, గ్రీన్‌కార్డునో చూసి ఇచ్చేవి; అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఐ-797 ఆమోద కాగితం వాటికి బదులు కాదు. టికెట్ కొనే ముందు ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో భారతీయ పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ నియమం చదవండి. దోహా, దుబాయ్‌లలో బయటికి రాకుండా విమానం మారడానికి వీసా అక్కర్లేదు.

జెట్‌లాగ్ ఎన్ని రోజులు ఉంటుంది?

వారం నుంచి పది రోజులు. తేడా దాదాపు పన్నెండు గంటలు కాబట్టి ఒళ్లు పూర్తిగా తిరగబడుతుంది. మొదటి మూడు రోజులు మధ్యాహ్నం రెండింటికి కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. పగటి నిద్ర అరగంటకు మించనివ్వకండి, సాయంత్రం ఎండ ఉండగా బయట నడవండి. రాత్రి రెండింటి ఆకలికి పెరుగన్నం చాలు.